డాక్టరు గారి బదులు నేను విన్న క్లాసు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రాజమండ్రిలో ఒక పళ్ళ డాక్టరు గారి దగ్గర అసిస్టెంటుగా పనిచేసేదాన్ని. చీటీలు రాయడం, పరికరాలు ఉడకబెట్టడం, ఏడ్చే పిల్లల చేతులు పట్టుకోవడం నా పని. ఒకరోజు ఆయన దానికి ఇంకొకటి కలిపారు.

"అమ్మా, ఆదివారం హోటల్లో ఏదో ట్రైనింగంట. పిల్లల రక్షణ గురించి. నాకు పెళ్ళి ఉంది. నువ్వెళ్ళి నా పేరు మీద సంతకం పెట్టి, భోంచేసి వచ్చెయ్."

ఆ విధంగా పిల్లలను రక్షించే భారం నా మీద పడింది. వెళ్ళి చూస్తే ఊళ్ళో డాక్టర్లందరికీ ఆ రోజే పెళ్ళిళ్ళున్నట్టున్నాయి. హాలు నిండా కాంపౌండర్లు, నాలాంటి అసిస్టెంట్లు. ఒక క్లినిక్ వాళ్ళయితే కారు డ్రైవర్ని పంపారు. వేదిక మీద మాత్రం "గౌరవనీయులైన దంతవైద్యులకు స్వాగతం" అని బ్యానరు కట్టారు.

హైదరాబాదు నుంచి వచ్చిన మేడమ్ గంటసేపు తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో మాట్లాడారు. మేమంతా అర్థమైనట్టు తలలూపాం. డ్రైవరు ఆ మర్యాద కూడా పాటించకుండా గురకపెట్టాడు. ఇంతలో కరెంటు పోయింది. తెర ఆరిపోయింది. ఆవిడ వేదిక అంచున కూర్చుని, చీరకొంగుతో విసురుకుంటూ తెలుగులోకి దిగారు.

"పిల్ల పడిపోయిందని చెప్తారు. పడితే మోకాలో, మోచెయ్యో, గడ్డమో గీరుకుంటుంది. చెవి వెనక దెబ్బ తగలదు కదా? అనుమానమొస్తే తీసుకొచ్చినవాళ్ళ ఎదురుగా అడక్కండి. కొట్టారా అని అడక్కండి, ఏమైందని అడగండి. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయండి."

"ఏమైనా సందేహాలా?" అని అడిగితే వెనక నుంచి ఒకాయన లేచి, "భోజనాలెప్పుడండి?" అన్నాడు.

సర్టిఫికెట్టు డాక్టరు గారి పేరు మీద వచ్చింది. ఆయన దానికి ఫ్రేము కట్టించి కుర్చీ వెనక గోడకు తగిలించారు.

దసరా సెలవుల తర్వాత ఒక ట్యూషన్ మాస్టారు పదేళ్ళ పిల్లను తీసుకొచ్చాడు. పొరుగూళ్ళ నుంచి వచ్చిన పిల్లలను ఇంట్లో ఉంచుకుని చదువు చెప్పేవాడు. మా డాక్టరు గారికి స్నేహితుడు. పిల్ల ముందుపన్ను సగానికి విరిగింది.

"మెట్ల మీద జారిందండి. మహా అల్లరి," అన్నాడు. ఆ పిల్ల అల్లరి చెయ్యడం అటుంచి ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తోంది.

మెడకు తువ్వాలు కడుతుంటే చెవి వెనక కమిలిన మచ్చ కనబడింది. ఎక్స్‌రే తియ్యాలన్నాను. మాస్టారు కూడా లేచాడు.

"మీరు బయటుండాలండి. ఆ కిరణాలు మంచివి కావు."

తన ఆరోగ్యం మీద ఆయనకు ఎంతో శ్రద్ధ. వెంటనే కూర్చున్నాడు.

గదిలో పిల్ల నోట్లో ఫిల్ము పెట్టి, "ఏమైందమ్మా?" అని అడిగాను. నోట్లో అట్టముక్కతో ఎవరైనా ఏం చెబుతారు? అంత తెలివైనదాన్ని నేను. నాలుక కరుచుకుని ఫిల్ము తీసేసి మళ్ళీ అడిగాను.

"ఎక్కం తప్పు చెప్పానండి. చెవి పట్టుకుని తలకాయ బల్లకేసి కొట్టారండి." తలుపువైపు చూసి, "ఎవరికీ చెప్పరు కదండీ?" అంది.

"మీ అమ్మకి చెప్తానమ్మా."

ఆలోచించింది. "అమ్మకైతే చెప్పండి."

ఆ మాటలే చీటీ మీద రాశాను. డాక్టరు గారు చదివి నన్ను లోపలికి పిలిచారు.

"మనం పళ్ళ డాక్టర్లమమ్మా. చెవుల వెనక సంగతి మనకెందుకు? ఆయన పెద్దమనిషి."

"ట్రైనింగులో చెప్పారండి."

"ఏ ట్రైనింగులో?"

"మీరు వెళ్ళినదాన్లోనేనండి."

ఆయన గోడవైపు చూసి, మళ్ళీ చీటీవైపు చూసి, "సరే, నా పేరు మాత్రం రానివ్వకు," అన్నారు. అంతకు మించిన ధైర్యం ఆయన నుంచి ఆశించడం అన్యాయం.

మత్తుమందు ఇవ్వడానికి తల్లి అనుమతి కావాలని చెప్పి, మాస్టారి దగ్గరే ఆవిడ పక్కింటివాళ్ళ ఫోను నంబరు తీసుకుని, ఆవిడకు సంగతంతా చెప్పాను. తల్లిది నరసాపురం, లేసు అల్లుతుంది. మర్నాడు పొద్దున్నే రైల్లో వచ్చింది. మాస్టారి ఇంటికి తోడుగా వెళ్ళాను. ఆవిడ పిల్ల చెవి వెనక జుట్టు తొలగించి చూసి, పిల్ల ట్రంకు పెట్టె భుజానికెత్తుకుంది. వీధి మలుపు తిరిగాక పెట్టె దింపి, దాని మీదే కూర్చుని ఏడ్చింది.

క్లాసు చెప్పిన మేడమ్‌కు నేను ఫోను చేశాను. ఆవిడ పంపిన ఇద్దరు వచ్చి మిగతా పిల్లల్లో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. నెలలోపే మాస్టారు పిల్లలను ఇంట్లో ఉంచుకోవడం మానేశాడు. సాయంత్రం ట్యూషను మాత్రం నడిచింది. "కొట్టకపోతే చదువెలా వస్తుందండి?" అంటూ పిల్లలను పంపిన తండ్రులకు కొదవ లేదు. ఆ తండ్రులందరూ చిన్నప్పుడు బాగా దెబ్బలు తిన్నవాళ్ళే. వాళ్ళ చదువులు చూస్తే మరి ఆ దెబ్బలన్నీ ఎటు పోయాయో తెలియదు.

పన్ను కట్టించుకోవడానికి తల్లీకూతుళ్ళు తిరిగొచ్చారు. పిల్ల నరసాపురంలోనే బడికి వెళుతోంది. అద్దం ఇస్తే పెదవి పైకెత్తి చూసుకుంది.

"పక్క పన్ను కంటే తెల్లగా ఉందేంటండి?" అంది తల్లి.

"కొన్నాళ్ళకి కలిసిపోతుందమ్మా," అన్నారు డాక్టరు గారు.

"వద్దండి, ఇలాగే ఉండనివ్వండి," అంది పిల్ల, అద్దం వదలకుండా.