తాడు వేయకూడని దున్న

అది 1979, మాఘమాసం. అప్పట్లో నేను ఎమ్మిగనూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని. డాక్టరుగారు ఆదోనిలో కూడా డ్యూటీ చూసేవారు కాబట్టి, వారంలో సగం రోజులు పల్లెలకు నేనే డాక్టర్ని. సూదులు వేయడం, పుండ్లు కడగడం, రైతుల చేత తిట్లు తినడం నా పని. ఓపిక మాత్రం నాకు పుట్టుకతోనే లేదు. పశువు కదిలితే పశువును, దాన్ని పట్టుకున్న మనిషి కదిలితే మనిషిని కసురుకునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే తుంగభద్ర ఒడ్డు పల్లె నుంచి హనుమక్క అనే ఆవిడ వచ్చింది.

"అప్పా, మా ఎనుబోతుకు కొమ్ము మొదట్లో పురుగు పడిండాది. నువ్వు రావల్ల."

"దున్నను ఇక్కడికే తోలుకొని రా అక్కా, ట్రావిస్‌లో నిలబెట్టి చూస్తా" అన్నాను. ట్రావిస్ అంటే పశువు కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం.

"అయ్యో, దానికి తాడు ఎయ్యకూడదప్పా! దేవరకు ఇడ్సినాము."

అప్పుడు కూర్చోబెట్టి అడిగితే సంగతంతా చెప్పింది. మూడేళ్ళ కిందట ఆమె భర్త మంచం పట్టాడు. ఆయన లేచి నడిస్తే దున్నను ఇస్తానని ఊరమ్మకు మొక్కుకుంది. తల్లి చచ్చిపోతే తాను గంజి తాపి పెంచిన దూడ అది. ఆయన లేచాడు, దూడను వదిలేశారు. అప్పటినుంచి దాన్ని కట్టేసేవాళ్ళు లేరు, కొట్టేవాళ్ళు లేరు. వచ్చే నెలలో దేవర, అంటే ఊరమ్మ జాతర. అంతలోపల అది పుండుతో చస్తే మొక్కు చెడుతుందని, రోగం తిరిగి భర్త మీదికే వస్తుందని ఆమె భయం.

"నేను బాగు చేస్తే మాత్రం ఏం లాభం? నెలకు నరుకుతారు గదా!" అన్నాను. నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

"నాకు తెల్దా అప్పా? నా సేత్తోనే కదా గంజి తాపింది. ఏం సేద్దును, ఆడ మా ఆయప్ప పాణం ఉండాది" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సిగ్గేసింది నాకు. మందుల సంచి తగిలించుకొని సైకిలు తీశాను.

మాఘంలో ఏరు మడుగులు మడుగులుగా నిలిచి ఉంటుంది. చుట్టూ జమ్ము, అవతల కన్నడం మాట్లాడే ఊర్లు. మిట్టమధ్యాహ్నం ఎండకు అవతలి ఒడ్డు నీళ్ళలో కరిగిపోతున్నట్టు కదులుతూ ఉంది. మడుగు మధ్యలో రెండు కొమ్ములు, ఒక ముక్కు, ఒక తెల్లకొంగ. దున్న ఎక్కడుందని అడిగితే, హనుమక్క ఆ కొంగనే చూపించింది.

మూడేళ్ళు మనిషి చెయ్యి తగలకపోయేసరికి అది అడవి దున్న అయిపోయింది. ఊరి మందలో కలవదు, ఒంటరిగానే తిరుగుతుంది. పొద్దున జమ్ము మేస్తుంది, ఎండెక్కితే బురదలోకి దిగుతుంది. దున్నకు చెమట పట్టేది తక్కువ, బురదే దానికి చలవ. ఈగలు వాలకుండా కాపాడేదీ ఆ బురదే. తల ఒక్కటే పైన ఉంటుంది కాబట్టి ఈగ అక్కడే గుడ్లు పెట్టింది. మా పుస్తకాలు దీన్ని మయాసిస్ అంటాయి, ఊళ్ళో పురుగుపుండు అంటారు. వదిలేస్తే చెవిలోకి, ఆపైన తలలోకి తొలుచుకుపోతుంది.

నేనేదో మొనగాణ్ణన్నట్టు వెనకనుంచి చప్పుడు కాకుండా దగ్గరికి పోయాను. అది ముట్టె పైకెత్తి గాలి పీల్చింది. ఒక్క బుస! నేను చెప్పులు బురదలో వదిలేసి గట్టెక్కాను.

హనుమక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "దొంగ మాదిరి పోతే పొడవక ముద్దు పెట్టుకుంటాదా? గాలి అటు పోయే పక్క కూసో. నీ వాసన అది సూడల్ల."

కూర్చున్నాను. ఆ రోజూ, మర్నాడూ అంతే. ఏరు, ఎండ, జమ్ములో గాలి. నా జీవితంలో అంతసేపు ఊరికే కూర్చున్నది అప్పుడే. దున్న కళ్ళు మూసుకుంటే నాకూ మూతలు పడేవి. ఇద్దరం ఒకే నిద్రలో ఉన్నామేమో అనిపించేది. రెండో రోజు సాయంత్రానికి నా సంచిలోని ఖాళీ పాలడబ్బాతో మడుగు నీళ్ళు దాని మెడ మీద పోయనిచ్చింది. మూడో రోజు అవే నీళ్ళలో పొటాష్ కలిపి పుండు మీద పోశాను. పుండ్లు కడిగే ఊదా రంగు మందు అది. తర్వాత టర్పెంటైన్ దూది పెడితే ఊపిరాడక పురుగులు పైకి వచ్చాయి. చిన్న పటకారుతో ఒక్కొక్కటే ఏరాను. హనుమక్క ఒడ్డున కూర్చొని, "ఓర్సుకో నాయనా, ఓర్సుకో" అంటూనే ఉంది. దున్నతో అంటోందో నాతో అంటోందో!

దేవర వరకూ దాదాపు రోజూ పోయాను. డబ్బా ఎత్తితే చాలు, అది కళ్ళు మూసుకొని, మెడ కుడివైపుకు వంచి కదలకుండా ఉండేది. పుండు పూడి కొత్త తోలు వచ్చింది. డబ్బా హనుమక్క అడిగితే ఇచ్చేశాను.

దేవర రోజు నన్నూ పిలిచారు. దున్నకు తాడు వేయకూడదు కదా, గంజికుండ పట్టుకొని హనుమక్క ముందు నడిచింది. అది ఆమె వెనకే వచ్చింది. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ ఊరి పద్ధతి ఏమంటే, నరికే ముందు పసుపునీళ్ళు పోసి అమ్మను అడుగుతారు. దున్న ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. పూజారి ఈరన్న తాత చెంబు ఎత్తి పోశాడు. డప్పులు ఆగిపోయాయి.

దున్న కళ్ళు మూసుకుంది. మెడ కుడివైపుకు వంచింది. కదల్లేదు.

ఇది నా పొటాష్ నీళ్ళకు నేర్చుకున్న పాఠం! హనుమక్క వైపు చూశాను. ఆమె కూడా నన్నే చూస్తోంది. వెంటనే చూపు తిప్పుకుంది.

రెండో చెంబు, మూడో చెంబు. పసుపునీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి, దున్న మాత్రం మడుగులో ఉన్నట్టే నిలబడి ఉంది.

"కాంపౌండరప్పా, దీనికి మత్తుసూది ఏమన్నా ఏసినావా?" ఎవరో అడిగారు.

"లేదు" అన్నాను. అబద్ధం కాదు. అంతా నిజమూ కాదు.

హనుమక్క తాత దగ్గరికి వచ్చింది. "తాతా, మా ఆయప్పకు ఏమన్నా అయితాదా?"

"ఏంటికైతాది? నువ్వు ఇచ్చినావు, అమ్మ వద్దనింది. నీ మొక్కు చెడలేదు" అన్నాడు తాత. "వచ్చే దేవరకు మల్లా అడుగుదాము. ఇడ్సండి దాన్ని."

జనం దారి ఇచ్చారు. అది తాపీగా ఏటి వైపు పోయింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది, భర్త పక్కన కూర్చొని వీపు నిమిరాడు.

పుండు మానగానే వైద్యుడి పని అయిపోతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. మన చెయ్యి పశువుకు ఏం నేర్పి వస్తుందో మనకే తెలియదని ఈ కేసు నేర్పింది. ఆ తర్వాత పశువు మీద చెయ్యి వేసేటప్పుడు కసురుకోవడం తగ్గించాను.

మరుసటి ఏడు ఆ పల్లెకు టీకాలు వేయడానికి పోయినప్పుడు ఏటివైపు నడిచాను. మిట్టమధ్యాహ్నం. మడుగులో దున్న, దాని మీద కొంగ. మోకాలిలోతు నీళ్ళలో హనుమక్క, చేతిలో నా పాలడబ్బా. ఆమె నీళ్ళు పోస్తోంది, అది కళ్ళు మూసుకొని మెడ వంచి ఉంది.

"పుండు ఎప్పుడో మానింది గదా అక్కా. ఇంకా ఏంటికి పోస్తాండావు?"

ఆమె నా వైపు తిరగలేదు. ఇంకో డబ్బా ముంచి నిదానంగా పోసింది.

"మల్లా దేవర వస్తాది కదప్పా" అంది.