రెండో భాగంలో నా ఫోటోకు దండ

నేను చచ్చిపోయిన సంగతి నాకు ఆళ్లగడ్డలో, కటింగ్ షాపులో తెలిసింది. సగం గడ్డం గీయడం అయింది, సగం నురగలో ఉంది. షాపతను కత్తి పైకెత్తి, అద్దంలో నన్నే చూస్తూ నవ్వాడు.

"ఏందన్నా, నువ్వు పోయినావంట గదా?"

"యాడికి?"

"పైకన్నా. మీ బావ రెండో భాగం పెట్టినాడు, చూడలేదా? నీ ఫోటోకు దండేసినారు."

"అట్లయితే మిగతా సగం బాగా గీకప్పా. పైన మర్యాదగా కనపడాల గదా" అన్నాను. షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడవాల్సిన చోట కూడా నాకు ముందు నోరే లేస్తుంది.

మొదటి భాగం సంగతి చెప్పాలి. మా అక్కను నంద్యాలకు ఇచ్చాం. బావకు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. నేను ఆరో తరగతితో బడికి దండం పెట్టి, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో రాయికి నునుపు పట్టే పనిలో ఉన్నాను. ఒక ఎండాకాలం బావ మా ఇంటికొచ్చాడు. మాకున్నది ఒక్క కూలర్. అల్లుడొస్తే అది అల్లుడి మంచం వైపు తిరగాలి, మా అమ్మ చట్టం అది. దాన్ని నా వైపు తిప్పుకోవడానికి నేను పడే తిప్పలన్నీ బావ కిటికీలో ఫోన్ పెట్టి వీడియో తీసి, నెట్‌లో పెట్టాడు.

కాగితం మీద రాసుకున్నది ఒక్క ముక్క లేదు. బావను ఆటపట్టించే హక్కు బామ్మర్దికి పెళ్లిపీటల దగ్గరే వస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. బావ అలుగుతాడు. అక్క మొగుడి పక్షం మాట్లాడుతూ కొంగు చాటున నవ్వుతుంది. అమ్మ నన్ను తిడుతుంది. ఫోన్ నడుస్తోందని అమ్మకు తెలియదు గనక నిజంగానే తిట్టింది: "ఇంటికొచ్చిన అల్లుడు ఉక్కకు ఉడికిపోతాంటే నీకి గాలి గావాల్నా? పో, బండ మీద పండుకోపో!"

జనానికి అదే నచ్చింది. పాణ్యం బస్సులో ఒకామె మా అమ్మను గుర్తుపట్టి, "అమ్మా, నన్ను గూడా ఒకసారి తిట్టు" అని అడిగింది. అమ్మ సిగ్గుపడి, ఆ తర్వాత తిట్టింది.

అప్పటి నుంచి రెండో భాగం కోసం ఇంట్లో అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆమే. "అల్లుడు ఎప్పుడు పిలుస్తాడంటరా? ఈ తూరి ముందే చెప్పమను, జడన్నా ఏసుకుంటా" అనేది. బావను అడిగితే, "చేద్దాంలే అప్పా" అనేవాడు.

షాపు నుంచి నేరుగా షెడ్డుకు పోయి, సగం ముక్కు చెక్కిన అమ్మవారి విగ్రహం పక్కన కూర్చుని చూశాను. బావ ఒక్కడే పాతవాడు. మా అమ్మ స్థానంలో పట్టుచీర కట్టుకున్న ఒకామె. అక్క స్థానంలో అక్క కంటే పదేళ్లు చిన్నది. నా స్థానంలో నా తమ్ముడట. మా అమ్మకు నా తర్వాత ఇంకో కొడుకు పుట్టినట్టు నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ కండల తమ్ముడు మా యాసను ఉప్పులా కాదు, కూరలా తింటున్నాడు. "ఏం చేస్తాండావ్ బావా, యాడ పోతాండావ్ బావా" అని ప్రతి మాటకూ ఒకటి తగిలిస్తున్నాడు.

తర్వాత వాడన్నాడు: "మా అక్క అప్పగింతల్లో ఏడ్సింది పుట్టిల్లు ఇడ్సిపోతాండానని గాదు బావా, పెండ్లి మెరవణిలో నీ డాన్సు చూసి."

అది నా మాట. యాగంటి పోయే దారిలో, బండి వెనక కూర్చుని బావ చెవిలో అన్నది. అప్పుడు బావ నవ్వు ఆపుకోలేక బండి ఆపాడు. ఇప్పుడు వాడు ఆ మాట అనేసి, నవ్వండి అన్నట్టు ఆగాడు. వీడియోలో వెనక నుంచి డప్పు శబ్దం వచ్చింది.

అసలు మనుషులు లేకుండా రెండో భాగం ఆడుతుందా అంటే, ఆడుతుంది. నా వెనక నిలబడి చూసిన షెడ్డువాళ్లు నలుగురూ నవ్వారు. బావ గడప తగిలి పడబోయిన చోట నాకూ నవ్వొచ్చింది. మా ఇల్లు తెలియనివాళ్లకు అది బాగానే ఉంటుంది.

చివర్లో గోడ మీద నా ఫోటో, చామంతి దండ. ఫోటో అంచున పసుపు రంగు పట్టుచీర భుజం ఒక ముక్క కనిపించింది. అదెవరిదో అప్పుడు తట్టలేదు.

మరుసటి రోజు నంద్యాల బస్సెక్కాను. బావ షాపులో ఫోన్ విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి స్క్రూలు కింద పడేశాడు.

"కోప్పడొద్దప్పా. ఈ తూరి డైరెక్టరు వచ్చినాడు. అంతా కాగితాల మీద రాసినారు. నీకి చదివేది కష్టమని..."

"అడిగినావా?"

"అడిగితే బాధపడ్తావని."

"సంపితే పడనా బావా?"

"నువ్వు ల్యాకపోతే ఎందుకు లేవో చెప్పాల గదా. పోయినాడంటే ఒక్క మాటతో అయిపోతాదన్యారు."

"దుబాయ్ పోయినాడన్నా ఒక్క మాటే గదా!"

"దుబాయంటే మళ్లా ఎప్పుడొస్తాడని జనం అడుగుతారంటప్పా" అన్నాడు, సీరియస్‌గానే.

అక్కను అడుగుదామని ఇంటికి పోయాను. ఆమెనూ తీసేశారు గదా, ఆమె నా పక్షమే అనుకున్నాను. అక్క టీ పెట్టి, నా ముఖం చూడకుండా గ్లాసు చేతికిచ్చింది. టీవీ పక్కన ఆమె పెళ్లి ఆల్బం ఉంది. తెరిచాను. నా పక్కన పసుపు పట్టుచీరలో అక్క నిలబడిన ఫోటో ఉండే పేజీ ఖాళీగా ఉంది.

"నువ్విచ్చినావా?"

"నీకి దేనికైనా నవ్వే గదరా. దీనికి గూడా నవ్వుతావనుకుంటి."

టీ తాగకుండా వచ్చేశాను. మా అక్క ఇంట్లో టీ వదిలేయడం అదే మొదటిసారి.

అమ్మకు వేరేవాళ్లు చెప్పేలోపు నేనే చూపించాలనుకున్నాను. దండ కనపడగానే అమ్మ ఫోన్ లాక్కుని బోర్లా పెట్టి, లోపలికి పోయి గుప్పెడు ఉప్పు తెచ్చి మూడుసార్లు నా చుట్టూ తిప్పింది. "బతికినోనికి దండేస్తారా? చేతులెట్ల వచ్చినాయిరా వాళ్లకు?" ఉప్పు నీళ్లలో వేసి వచ్చాక, మళ్లీ ఫోన్ తీసింది.

"ఈ పట్టుచీరామె ఎవురు?"

"నువ్వే."

చాలాసేపు చూసింది. "బాగుంది లేరా ఆమె" అని, జడ ముడి వేసుకుంటూ లేచింది.

తర్వాతి నెల అక్కా బావా మామూలుగానే వచ్చారు. అమ్మ సంగటి, నాటుకోడి పులుసు చేసింది. అల్లుడి మర్యాదకు ఏ లోటూ చేయలేదు. నేనే వడ్డించాను. ముద్ద తుంచుతూ బావ నావైపు చూశాడు.

"బామ్మర్దీ, నాకు బొజ్జ పెరిగిందంటాండారు అందరూ."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. నాలుక మీద నాకు మూడు జవాబులున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి.

"ఇంకొంచెం పులుసు ఏస్తా బావా" అన్నాను.

బావ ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏమన్నా అనప్పా. ఒక్క మాట."

"సల్లగైతాది, తిను నాయనా" అంది అమ్మ.

నేను గిన్నె వంచి, ముక్కలు ఎక్కువ పడేలా వేశాను.