బూడిద అతుకు

నాకు ఇరవయ్యారేండ్లకే నెత్తి మీద ముందు సగం ఎంటికలు పోయినాయి. మిగిలినవి పొట్టిగా కత్తిరించుకునేవాణ్ణి. పొదటూరుపేటలో బస్సెక్కితే చాలు, పక్కనోడు అడిగేది ఒకటే: “తిరుత్తణికి పోయొచ్చినావా అన్నా? గుండు ఎప్పుడు కొట్టించినావు?” ఒకాయనైతే చెయ్యి చాపి ప్రసాదం కూడా అడిగినాడు. కడుపు మండిపోయింది నాకు.

ఎనభైల మొదట్లో, మద్రాసులో ఒక డాక్టరు వెనక తల ఎంటికలు తీసి ముందర నాటతాడని విన్నా. మా మగ్గానికి నూలు కొనేదానికని అమ్మకు అబద్ధం చెప్పి పోయినా.

డాక్టరు మంచోడే. మత్తు సూది వేసినాక, పెద్ద సిరంజీతో నెత్తి చర్మం కిందికి ఉప్పునీళ్ళు ఎక్కిస్తానే ఉన్నాడు. “చర్మం బిగిస్తే నెత్తురు తక్కువ కారతాది, కోత నేరుగా దిగతాది” అన్నాడు. నొప్పి లేదు. ఎవరిదో తల తెచ్చి నా మెడ మీద పెట్టినట్టు ఉండింది. గుండ్రటి కత్తి తిప్పతా ఉంటే, చర్మం తెగే శబ్దం చెవుల లోపల్నుంచి వినిపించింది. వెనక తీసిన ముక్కల్ని ముందర చేసిన బొక్కల్లో వరసగా కూర్చినాడు.

కట్టు కట్టి పంపేటప్పుడు చెప్పినాడు: “మూడో రోజు ఆ నీళ్ళు మొకంలోకి దిగతాయి, భయపడొద్దు. పక్కులు వాటంతట అవే రాలాల. గాయం మీద ఏమీ పెట్టొద్దు.” అబద్ధం చెప్పి పోయినోణ్ణి, ఆ మాట ఇంట్లో ఎట్ల చెప్పేది? బస్సులో పడి తల పగిలిందన్నా.

మూడో రోజు పొద్దున కండ్లు తెరుచుకోలేదు. సన్న సందులోంచి అద్దం చూసినా. అందులో మా నాయన ఉన్నాడు! నాకు ఆరేండ్లప్పుడు ఒళ్ళంతా నీరు పట్టి పోయినాడాయన. పాడె మీద చూసిన మొకమే అది. నుదుట వేలుతో నొక్కితే గుంట పడి అట్లే నిలబడింది.

అమ్మ గంజి తెచ్చింది. నన్ను చూసి, చెంబు కింద పెట్టి, కొంగు సరిచేసుకుంది. నా ముందర ఏనాడూ అట్ల చేసింది లేదు. “ఏమయ్యా,” అన్నది మెల్లగా, “ఇప్పుడు వీణ్ణి తీసకపోయేదానికి వచ్చినావా?”

“అమ్మా, నేనే!” అన్నా. గొంతు బొంగురుగా వచ్చింది. ఆమె నమ్మలేదు.

మధ్యాన్నం మాత్ర వేసుకొని పడుకున్నా. నెత్తికి స్పర్శ ఇంకా రాలేదు. చెవి దగ్గర మాత్రం సన్నగా గరగరమని శబ్దం. మగ్గం పక్కన పెరిగినోణ్ణి, అదేందో నాకు తెలుసు. పడుగులో నిలువు పోగు తెగితే, వేళ్ళకు బూడిద రాసుకొని రెండు కొసలూ మెలేస్తాము. బూడిద లేకుంటే మెలి జారిపోతాది. “కదలొద్దు” అంటా ఉండాది అమ్మ. కట్టు విప్పేసి, ముందు వరసలో ఒక్కో ముక్కనూ పొయ్యి బూడిదతో మెలేస్తా ఉండాది.

చెయ్యి తోసేసి అరిచినా. “పిచ్చిదానా, నా బతుకు బూడిద చేసినావే!”

వాపు దిగింది. నాటిన వాటిలో వెనక వరసల్లో పక్కులు రాలి, నాలుగైదు నెలలకు ఎంటికలు మొలిచినాయి. ముందు వరస చీము పట్టి తొమ్మిది ముక్కలూ పోయినాయి. ఒకరోజు అద్దం ముందర ఆ తొమ్మిది మచ్చల్నీ తిడతా ఉంటే, అమ్మ వెనక నిలబడి అన్నది: “నేను అతికింది ఎంటికల్ని కాదురా, నిన్ను. నువ్వు దక్కితే గుండు కొట్టిస్తానని తిరుత్తణి స్వామికి మొక్కినా.”

“చచ్చినా కొట్టించను” అన్నా. పాపిష్టి నోరు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ మాట మీదే నిలబడినా.

ఆమె పోయిన ఏడాదికి తిరుత్తణి కొండెక్కినా. గుండు కొట్టేటాయన చెయ్యి ముందు వరస దగ్గర ఆగింది. “ఇదేందన్నా, మచ్చలు కొలిచి పెట్టినట్టు?”

“మా అమ్మ పని” అన్నా.

కత్తి తగిలేది నాకు తెలియలేదు, అక్కడ ఇప్పటికీ స్పర్శ లేదు. కానీ రెండు వేళ్ళు మెలేస్తా ఉండేది తెలిసింది. ఒళ్ళు జలదరించి వెనక్కి తిరగబోయినా.

“కదలొద్దు” అన్నాడు ఆయన.

కదల్లేదు.