సైదా కెమెరా పుట్టిన ఏడాది

అద్దంకిలో మూతపడ్డ ఫోటో స్టూడియో అది. భర్త సైదా పోయాక, అతను కూడబెట్టిన పాత కెమెరాలను నస్రత్ రోజుకొకటి తెరుస్తోంది. పగలంతా మిరపకాయల తొడిమలు తీసిన చేతులను సబ్బుతో రుద్ది రుద్ది కడిగి, రీలు పెట్టే చోట టార్చి వేసి, భూతద్దంతో వెతుకుతుంది. అక్కడ గుద్దిన కోడ్‌లో మొదటి అక్షరం కెమెరా తయారైన ఏడాదిని, అంకెలు నెలను, చివరి అక్షరం ఫ్యాక్టరీని చెబుతాయి. ఆ ఏడాది తేలేదాకా టీ కూడా ముట్టదు. తేలాక చీటీ రాసి కెమెరాకు అంటిస్తుంది.

నిన్న సైదాకు ప్రాణమైన కెమెరా వంతు వచ్చింది. తమ పెళ్ళి ఫోటో దాంతోనే తీయించానని అతను అందరికీ చెప్పుకునేవాడు. తీరా చూస్తే, అది పెళ్ళయిన మరుసటి ఏడాది తయారైంది.

“దీనికి చీటీ వద్దులే వదినా,” అన్నాడు మరిది అయూబ్.

“అబద్ధం మీ అన్న ఆడాడు. కెమెరా చేత కూడా ఆడించమంటావా?”

ఏడాది రాసి, గట్టిగా అదిమి అంటించింది. తర్వాత ఆ కెమెరాను ఎప్పటిలాగే పెళ్ళి ఫోటో కిందే పెట్టింది.