కంపెనీ బస్సు ఆగే చోటు

బొల్లారంలోని ఒక మందుల కంపెనీ నాకు ఉద్యోగం ఇస్తానంది. జీతం మాత్రం ఎక్కడో మారుమూలనున్న తమ పాత యూనిట్ లెక్కనే వేసింది. దగ్గర్లోని పటాన్‌చెరులో గది తీసుకుంటే సగం కిరాయికే పోతుంది. ఆ రోజు సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఎక్కువ అడిగితే ఉద్యోగమే చేజారుతుందని భయం. ఎలా అడగాలో లైబ్రరీ పుస్తకాల్లో చదివి రాసుకున్న ఇంగ్లిష్ వాక్యాలను, కంపెనీ ఆఫీసుకు వెళ్తూ బస్సులో వల్లె వేస్తున్నాను.

పక్క సీట్లో, మెడలో ఫ్యాక్టరీ కార్డు వేసుకున్న పెద్దామె అడిగింది. "ఏంది బిడ్డా, పరీక్షనా?"

సంగతి చెప్పాను. మాది సదాశివపేట వైపు కొండాపూర్ దగ్గర ఊరనీ చెప్పాను.

"ఇల్లుండంగ కిరాయి ఎందుకు? ఆ కంపెనీ బస్సు సదాశివపేట నుంచి సగం ఖాళీగనే వస్తది. మీ అడ్డరోడ్డు కాడ ఆపుమను."

"కాదంటే?"

"కాదంటరు. కొడ్తరా ఏంది?"

పటాన్‌చెరు రాకముందే ఆమె దిగిపోయింది.

ఆఫీసులో నా వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. జీతం పెంచమన్నాను, కుదరదన్నారు. బస్సు అడిగాను. ఆఫీసరు రూట్ల కాగితం తీశాడు.

జీతం అంతే ఉంది. మా అడ్డరోడ్డు దగ్గర ఇప్పుడు ఏడుగురం ఎక్కుతున్నాం.