సాంచాలు ఆగిన సాయంత్రం

సిరిసిల్లలో మా గల్లీ సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన క్షణంలోనే నాకు ఏదో కీడు తోచింది.

సాంచాలంటే మరమగ్గాలు. మా దగ్గర వాటిని అలాగే అంటారు. అవి ఆగగానే నా భుజం మీద నిద్రపోతున్న మూడేళ్ల కొడుకు ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టాడు. వెంటనే ఎదురింటి అరుగు మీద ఇంకో ఏడుపు మొదలైంది. పక్క మేడ మీద మరొకటి, దుకాణాల వైపు నుంచి రెండో మూడో. మా గల్లీ పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పడుకున్నారు. నిశ్శబ్దమైతే వాళ్లకు ఎవరో తట్టి లేపినట్టు ఉంటుంది. మా పాటల గల్లీ ప్రారంభోత్సవంలో అందరికంటే ముందు బృందగానం చేసింది చంటిపిల్లలే.

జనమంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. స్టేజి పక్కన పట్టులంగా కట్టుకుని నిలబడ్డ నా ఎనిమిదేళ్ల బిడ్డ మా షెడ్డు వైపు చూస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఈ పిల్ల సాంచ ఆడకుండా ఒక్క పాట కూడా పాడి ఎరగదు.

నేను పుట్టి పెరిగింది కోరుట్లలో. మా అమ్మవాళ్ల ఇంట్లో గోడ గడియారం చప్పుడు కూడా వినిపిస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో సాంచాల మోతకు నాకు కన్ను మూత పడలేదు. ఇప్పుడు కోరుట్ల పోతే ఆ సద్దులేనితనానికి నిద్ర పట్టదు. మొన్న ఎండాకాలం నా కొడుకు అక్కడ పడుకోకపోతే, మా అమ్మ వాడి మంచం పక్కన ఖాళీ మిక్సీ పెట్టి తిప్పింది. వాడు హాయిగా పడుకున్నాడు. మిక్సీ కాలిపోయింది.

ఇక్కడ మాట్లాడాలంటే గొంతు పెంచాలి. మా అత్తమ్మ పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినా బయటివాళ్లకు కొట్లాటలా ఉంటుంది. నా బిడ్డకేమో దేవుడు మెల్లని గొంతు ఇచ్చాడు. ఇంట్లో ఏం చెప్పినా రెండుసార్లు "ఆ? ఏందే?" అంటాం. మూడోసారి అది చెప్పదు. అలా అలా మాట్లాడటమే తగ్గించేసింది. బడిలో పేరు పిలిస్తే ఇది పలికిన పలుకు మేడమ్ దాకా పోదు. ముందు బెంచీలోనే కూర్చున్నా దీనికి ఆబ్సెంట్ పడుతుంది. మేడమ్ నన్ను పిలిచి, పిల్లను డాక్టరుకు చూపించమని మర్యాదగా చెప్పింది. ఆ రోజు నుంచి నాకు అదే దిగులు.

కానీ అది పాడుతుంది. మా షెడ్డు నడిపేది మా అత్తమ్మే. ఆ బాపమ్మ పక్కన నిలబడి, సాంచ ఆడుతుంటే, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో పాడుతుంది. ఒకరోజు నేను చాయ్ తీసుకుని పోయేసరికి కరెంటు పోయింది. ఆ ఒక్క క్షణం దాని గొంతు షెడ్డంతా వినిపించింది. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది నన్ను చూసి నోరు మూసుకుంది.

పాటల గల్లీ ఆలోచన మా ఆయనది. ఆయన ఆఫీసు జగిత్యాలలో. పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు దిగుతాడు. ఒక ఆదివారం చాయ్ హోటల్లో కూర్చుని, పాత బజారు వెనక మన గల్లీని నెలకోసారి సాయంత్రం పూట బండ్లు రాకుండా బందు చేసి పాటలు పెట్టుకుంటే బాగుంటుంది కదా అన్నాడట. గ్లాసు కింద పెట్టేలోపు ఆయన్ని కమిటీ అధ్యక్షుణ్ణి చేశారు. అధ్యక్షుడు మర్నాడు పొద్దున్నే జగిత్యాల బస్సెక్కాడు. పని నా మీద పడింది. "డిగ్రీ సదివినవ్ గదా, ఇంక దేనికి అక్కెరకొస్తది" అన్నది మా అత్తమ్మ.

ఆ గల్లీకి ఒక వైపు బట్టల దుకాణాల వెనక గోడలు, ఇంకో వైపు సాంచాల షెడ్లు. మధ్యలో ఆటోలు, మూత లేని మురుగు మోరీ, ఒక చెత్తకుప్ప, ఆ కుప్ప మీద ఏళ్ల తరబడి హక్కున్న ఒక ఆవు. మున్సిపాలిటీ చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాను. ఆటోవాళ్లను బతిమాలి చౌరస్తా వైపు జరిపించాను. మోరీ మీద బండలు పడ్డాయి. చెత్తకుప్ప ఎత్తించి అక్కడే వినాయకుడి మండపం పైపులతో స్టేజి కట్టారు. పోగులు తెగి ఎవరూ కొనని బట్ట ప్రతి షెడ్డు మూలనా పడి ఉంటుంది. దాన్ని ఈ మేడ నుంచి ఆ మేడకు పందిరిలా కడితే గల్లీ పెళ్లిల్లు అయిపోయింది. ఆవు మాత్రం ఎవరి మాటా వినలేదు. చెత్తకుప్ప పోయినా దాని జాగా దానిదే. వచ్చి స్టేజి మీద పడుకునేది.

మూలమీది ఇంట్లో రిటైరైన సారు ఒకాయన ఉంటారు. ఆయన ఒక్కరే అభ్యంతరం పెట్టారు. చప్పుడవుతుందట. ఆయన పడకగదికి గోడ అవతలే సాంచాలు రాత్రింబవళ్లు ఆడతాయి. అదే మాట మెల్లగా గుర్తు చేశాను.

"సాంచాలది సప్పుడు గాదమ్మా, అది పని. పాటనే సప్పుడు" అన్నారు సారు.

చివరికి ఒక షరతు మీద దిగొచ్చారు. పాటలున్నంత సేపు సాంచాలు ఆపాలి, రెండూ కలిస్తే ఆయన తల పగులుతుంది. కమిటీకి అది ఎంతో న్యాయంగా తోచింది. పాట వినాలంటే మగ్గం ఆపాలి కదా మరి. నేను షెడ్డు షెడ్డుకూ పోయి అడిగాను. పండుగకు తప్ప సాంచ ఆపని ఆసాములు కూడా ఒక గంటకు సరేనన్నారు. యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చాను.

బిడ్డ కూడా పాడతానన్నది. బాపమ్మ పుట్టింటి ఊరు కథలాపూర్. అక్కడి నాట్ల పాట ఒకటి బాపమ్మ నేర్పింది. రోజూ బడి నుంచి వచ్చి షెడ్డులో నేర్చుకుంది. భజన బృందం కూడా పక్క షెడ్డులోనే సాధన చేసింది. అందరం చేసిన తప్పు ఇక్కడే ఉంది. సాంచాల్లో నేర్చుకుని, సాంచాలు లేకుండా పాడబోతున్నామని ఒక్కరికీ తట్టలేదు.

మైకు పెట్టే మనిషి జగిత్యాల నుంచి వచ్చాడు. మధ్యాహ్నం సాంచాలు ఆడుతుండగా చూసుకుని, దానికి తగ్గట్టు గొంతు పెంచి పెట్టాడు. సాయంత్రం సాంచాలు ఆగాయి, పిల్లల ఏడుపులు కొంచెం తగ్గాయి, మా ఆయన మైకు అందుకుని "అందరికి నమస్కారం" అన్నాడు. దుకాణాల మీది పావురాలన్నీ లేచిపోయాయి. సారు చెవులు మూసుకున్నారు. ఎన్ని కర్రలు చూపినా కదలని ఆవు తనంతట తానే లేచి స్టేజి దిగి పోయింది.

తర్వాత భజన. వాళ్లు ఇన్నాళ్లూ తాళం వేసుకున్నది సాంచ దెబ్బ మీద. ఇప్పుడు ఆ దెబ్బ లేదు. పాడే ఆయన వేములవాడ బస్సెక్కాడు, డోలక్ ఆయన కామారెడ్డి బస్సెక్కాడు. తాళాలు కొట్టేవాళ్లు బస్టాండులోనే ఉండిపోయారు.

"ఓ బావా, ఏ ఊరికి పోతున్నవే?" అని మేడ మీద నుంచి ఎవరో అడిగారు. గల్లీ అంతా గొల్లుమంది. పాడే బావ మధ్యలోనే దండం పెట్టి దిగిపోయాడు.

ఆ నవ్వు ఇంకా ఆగకముందే నా బిడ్డను పిలిచారు.

అది స్టేజి మధ్యకు వచ్చి నిలబడింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఈ రోజు గల్లీ నవ్విందంటే ఇక బడిలోనే కాదు, ఎక్కడా ఇది నోరు విప్పదు. ఏడుస్తున్న కొడుకుతోనే లేచి దాన్ని ఎత్తుకొచ్చేయబోయాను. పక్క కుర్చీలోని మా అత్తమ్మ నా కొంగు పట్టి లాగింది.

"కూసో పిల్లా. నువ్వు ఉరికితె అది జన్మల పాడది."

కూర్చున్నాను. బిడ్డ మళ్లీ షెడ్డు వైపు చూసింది. మైకును రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"బాపమ్మా" అన్నది. పాత బజారంతా వినిపించింది. తన గొంతే అంత పెద్దగా తిరిగొచ్చేసరికి అది ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకొచ్చింది. "సాంచ మొదలువెట్టు. నాకు పాట అస్తలేదు."

మా అత్తమ్మ కొంగు నడుముకు దోపి లేచింది. కమిటీని అడగలేదు, అధ్యక్షుడైన కొడుకును అసలే అడగలేదు. షెడ్డులోకి పోయి ఒక్క సాంచ వేసింది. టకటక మొదలైంది. బిడ్డ భుజాలు కిందికి దిగాయి. దాని పాదం తాళం పట్టుకుంది. మైకుకు ఒక అడుగు దూరం జరిగి, కళ్లు మూసుకుని పాడింది.

ఒక్క సాంచే కదా, పాట కొస దాకా వినిపించింది. సాంచ మోతలో ఎవరికీ వినపడదనుకుని పాడుతోంది పాపం, వెనక గోడల మీద కూర్చున్నవాళ్లు కూడా మెడలు చాచి వింటున్నారు. రెండో చరణానికి నా కొడుకు భుజం మీద తల వాల్చాడు. మూడో చరణానికి గల్లీలో ఒక్క పిల్ల ఏడుపూ లేదు. నా ఏడుపు ఒక్కటే, అదీ బయటికి రాకుండా.

పాట అయ్యాక చప్పట్లు విని బిడ్డ కళ్లు తెరిచింది. మోసపోయినట్టు ఒకసారి నా వైపు చూసి, సిగ్గుపడి పరుగెత్తింది. భజన బావ డోలక్ ఆయనతో సహా మళ్లీ స్టేజి ఎక్కాడు. ఈసారి అందరూ ఒకే బస్సులో పోయారు. షరతు తప్పినందుకు సారును క్షమించమని అడుగుదామని పోయాను. ఆయన కుర్చీ ముందు వరుసకు జరుపుకుని ఉన్నారు.

"ఒక్కటే ఏం సరిపోతదమ్మా? ఇంకోటి ఎయ్యుమను. తాళం నిండుగ ఉంటది" అన్నారు.

ఈ పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఇడ్లీ పెడుతుంటే బిడ్డ ఏదో అన్నది. సాంచాలన్నీ మొదలైపోయాయి, వినపడలేదు. "ఏందే?" అన్నాను. రెండోసారీ వినపడలేదు. మూడోసారి మామూలుగా అయితే ఊరుకునేది. ఈసారి నా చెవి దగ్గరికి వచ్చి, వచ్చే నెల కూడా పాడొచ్చా అని అడిగింది.

పాడొచ్చన్నాను. జడకు రిబ్బను కడుతూ ఇంకో మాట చెప్పాను. "ఇయ్యాల బడిల నీ పేరు పిలిస్తె, నిన్న బాపమ్మను పిలిచినట్టే పలుకు బిడ్డా. మేడమ్ కుర్చీల నుంచి కింద పడితె నేనచ్చి లేపుత."

పక్కనే గ్లాసుతో పళ్లెం మోగిస్తున్న కొడుకుకు చెప్పింది ఒక్కటే. "అక్క మాట్లాడుతుంటె జెర సేపు ఊకో నాయినా. మేం ఇంటున్నం."