పంతొమ్మిదో ఆటగాడు

మెర్ల్ టక్‌వెల్ గొడుగు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. మైదానం కంచె దగ్గర నిలబడి, అవతలి జట్టువాడు గీత దగ్గరికొస్తే చాలు, దాంతో వాడి వీపు విమానం మోత మోగించేది. వారమంతా ఉన్ని షెడ్డులో పని, శనివారం ఫుట్‌బాల్, అదీ జట్టుకు పద్దెనిమిది మంది ఆడే మా దేశపు రకం. అరవై ఏళ్లలో మా వరింగా జట్టు ఆడిన ఆట ఒక్కటీ వదల్లేదు. అయినా ఏవి గుర్తున్నాయని అడిగితే రెండే చెబుతుంది.

మొదటిది ఆమె పదిహేనేళ్లప్పటిది. అంపైర్ అటు తిరిగి ఉండగా కాల్డర్ జట్టువాడొకడు ఆమె అన్న దవడ పగలగొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కంచె దాకా వినిపించిందట. అన్న ఆరువారాలు గొట్టంతో సూప్ తాగాడు, మళ్లీ బూట్లు తొడగలేదు. అప్పట్నుంచీ కాల్డర్ పేరెత్తితే మెర్ల్ ఒళ్లు మండిపోయేది.

రెండోది ఎనభై ఏడో సంవత్సరం ఫైనల్. మళ్లీ కాల్డరే. ముప్పై ఏళ్లుగా మాకు కప్పు లేదు, ఆ రోజు మాత్రం గెలుస్తున్నాం. స్కోరు బోర్డు మీద పలకలు మార్చేది నేనే కాబట్టి నిచ్చెన మీంచి అంతా చూశాను. కాల్డర్ వాళ్ల పొడుగువాడు బ్రైస్, మోచేత్తో మెర్ల్ కొడుకు రస్ ముక్కు చితక్కొట్టాడు. రస్ నెత్తురు కారుతూ బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. వాడి బదులు ఇంకొకడు లోపలికెళ్లాడు. అంతలో మైదానం మధ్యలో కొట్లాట. గుద్దులు, తన్నులు, ఒకడి చెవి సగం తెగి వేలాడింది.

"ఏరా, ముక్కు పట్టుకుని కూర్చున్నావేంట్రా? మీ మామయ్య దవడ మర్చిపోయావా? పో, వాడి పళ్లు రాలగొట్టు!" అని మెర్ల్ కంచె మీంచి వంగి గొడుగుతో పొడిచింది.

రస్ మళ్లీ మైదానంలోకి పరుగెత్తాడు. ఒక్క గుద్దుకు బ్రైస్ పళ్లు రెండు గడ్డిలో పడ్డాయి. కొట్లాట ఆగి ఆట మొదలైంది. ఆ వేడిలో బయటికి రావాలన్న సంగతే రస్ మరిచాడు. నేనూ చూసుకోలేదు, నా కళ్లు కాలిపోను!

ఐదు నిమిషాలకు కాల్డర్ కెప్టెన్ చెయ్యెత్తాడు. "అంపైర్ గారూ, తలలు లెక్కపెట్టండి."

మావాళ్లను వరసలో నిలబెట్టారు. పద్దెనిమిది మంది ఉండాలి, పంతొమ్మిది తేలారు. అలా దొరికితే అప్పటిదాకా చేసిన స్కోరంతా రద్దు. డెబ్బై నాలుగు తీసేసి సున్నా తగిలించింది ఈ చేతులే. ఇంకేముంది, ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గది వెనక మావాళ్లే రస్‌ను కింద పడేశారు. "దరిద్రుడా! నోటి దగ్గర కూడు నేలపాలు చేశావు కదరా!" అని కెప్టెన్ నెవిల్ బూటుకాలితో పక్కటెముకలు విరిగేలా తన్నాడు. తనను పంపింది తల్లేనని రస్ చెప్పలేదు. నిజం తెలిసిన నేనూ నోరు మెదపలేదు. సిగ్గులేని బతుకు నాది.

మెర్ల్ వచ్చి అడ్డంగా నిలబడింది. "ఆపండ్రా! వాణ్ణి పంపింది నేను. నన్ను కొట్టండి, ఏం, చేతులు పడిపోయాయా?"

ఎవరూ కొట్టలేదు. నెవిల్ ఉమ్మేసి, "నీ మొహం మాకు చూపించకు, మెర్లక్కా" అని వెళ్లిపోయాడు.

అయినా ఆమె ప్రతి శనివారం వస్తూనే ఉంది, గొడుగు లేకుండా. రస్ మాత్రం ఆ మైదానంలో మళ్లీ అడుగుపెట్టలేదు.

మొన్న మెర్ల్‌ను అడిగాను, కప్పు పోయిందని ఇంకా బాధగా ఉందా అని.

"కప్పుదేముందిలే, ఆల్బీ. మా అన్న దవడ విరిచినవాణ్ణి ముప్పై ఏళ్లు తిట్టాను. మరి నా కొడుకు ఎముకలు విరగ్గొట్టించిందెవరు?" అంది.